తుపాకీ భద్రత నేర్పే పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకు: తరచుగా అడిగే ప్రశ్నలు (నెల్లూరు, ప్రకాశం, మార్కాపురం ప్రాంతాలు)

నెల్లూరు, కావలి, ఒంగోలు, గిద్దలూరు, ఎక్కడినుంచి ఫోన్ వచ్చినా మొదటి అయిదు నిమిషాల్లో అవే ప్రశ్నలు వస్తున్నాయి. రిటైరై ఊరు చేరిన జవాన్లు, పోలీసు సాయుధ విభాగం ఏఆర్‌లో పనిచేసి దిగిన హెడ్ కానిస్టేబుళ్ళు, కాలేజీల్లో ఎన్‌సీసీ చూసే లెక్చరర్లు, ఎయిర్ రైఫిల్ పోటీలకు వెళ్ళొచ్చిన కుర్రాళ్ళు, అందరివీ దాదాపు ఇవే సందేహాలు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. దశలవారీగా ఉన్నాయి, ఏ జవాబుకా జవాబు పూర్తిగా ఉంటుంది. మీకు కావాల్సిన దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోండి.

## దిగకముందు

నేను మిలటరీలో చేసి వచ్చాను. తుపాకీ గురించి మళ్ళీ నేర్చుకునేదేముంది?

తుపాకీ పట్టడం మీకు కొత్త కాదు. కానీ అక్కడ మీ చుట్టూ ఒక కట్టుబాటు ఉండేది. ఆయుధం కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో ఉండేది, సంతకం పెట్టి తీసుకునేవారు. తూటాలు లెక్కపెట్టి ఇచ్చేవారు, ఫైరింగ్ అయ్యాక కాల్చిన తూటాల ఖాళీ కేసులు (తొడుగులు) లెక్కపెట్టి వెనక్కి తీసుకునేవారు. పక్కనే నేర్పే ఉస్తాద్ ఉండేవాడు. ఊళ్ళో లైసెన్సు తీసుకున్న మనిషికి ఇవేవీ ఉండవు. తుపాకీ బీరువాలో ఉంటుంది, ఆ బీరువా తాళంచెవి టీవీ పక్కన మేకుకు వేలాడుతుంటుంది. ఆ ఇంట్లో ఆ మనిషి ఒక్కడే కోత్ ఇన్‌ఛార్జీ, ఒక్కడే ఉస్తాద్. వాటిని అతనికి అలవాటు చేయడమే మీ పని.

ఆయుధం కూడా వేరు. సైన్యం రైఫిల్ ఇన్సాస్ ఏళ్ళ తరబడి మోసిన చేతికి కూడా 12 బోర్ డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల తుపాకీ) కొత్తే. దానికి తూటాలు నింపే మ్యాగజైన్ ఉండదు, తెరిచే తీరు వేరు, సేఫ్టీ పనిచేసే తీరు వేరు. చాలా డబుల్ బ్యారెల్ గన్‌లలో సేఫ్టీ క్యాచ్ ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది, తూటాను పేల్చే లోపలి హ్యామర్‌ను పట్టి ఉంచదు. కింద పడి గట్టి దెబ్బ తగిలితే సేఫ్టీ వేసి ఉన్నా పేలే ప్రమాదం ఉంది. ఈ ఒక్క సంగతి తెలియకుండా ఏళ్ళ తరబడి డ్యూటీ చేస్తున్న గార్డులున్నారు.

ఇక గొంతు. రంగ్రూట్ల (కొత్తగా చేరిన జవాన్ల) మీద అరిచినట్టు మామూలు మనుషుల మీద అరిస్తే బిగుసుకుపోతారు. బిగుసుకుపోయిన మనిషి వేలు ట్రిగ్గర్ మీద ఉందనుకోండి, ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు.

నాకు గురి బాగా కుదురుతుంది, పోటీల్లో మెడల్స్ కూడా వచ్చాయి. అది చాలదా?

మెడల్ ఉంటే నలుగురూ మీ మాట వింటారు. అంతకుమించి దానివల్ల ఒరిగేది తక్కువ. పోటీలో మీ కళ్ళు టార్గెట్ మీద ఉంటాయి. శిక్షకుడి కళ్ళు ఎదుటివాడి చేతుల మీద ఉండాలి. ఈ మార్పు చాలామందికి కష్టంగా ఉంటుంది. స్టూడెంట్ కాల్చగానే ఎక్కడ తగిలిందోనని అప్రయత్నంగా టార్గెట్ వైపు చూస్తారు. సరిగ్గా ఆ రెండు క్షణాల్లోనే వాడు తుపాకీతో సహా మీవైపు తిరిగి "ఎలా ఉంది సార్?" అంటాడు.

యూనిఫాం వేయనివాళ్ళు, ఆడవాళ్ళు ఈ పనిలోకి రావచ్చా?

రావచ్చు, రావాలి కూడా. లైసెన్సు తుపాకీ ఉన్న ఇంట్లో దాన్ని తాకకపోయినా దానితో కలిసి బతికేది ఇంటి ఆడవాళ్ళు, పిల్లలు. మగ శిక్షకుడిని అడగడానికి మొహమాటపడే ప్రశ్నలు వాళ్ళకు చాలా ఉంటాయి. అవి అడగగలిగే మనిషి ఒకరు క్లాసులో ఉంటే ఆ ఇంటికే రక్షణ.

మన జిల్లాల్లో నేర్చుకోవడానికి ఎవరు వస్తారు?

ఎక్కువమంది సెక్యూరిటీ వాళ్ళే. బ్యాంకులు, ఏటీఎం క్యాష్ వ్యాన్లు, బంగారం తాకట్టు పెట్టుకునే కంపెనీలు. వీళ్ళలో మాజీ సైనికులు చాలామంది ఉంటారు. ఆ తర్వాత కొత్తగా లైసెన్సుకు అప్లై చేసేవాళ్ళు, తండ్రి పోయాక ఆయన తుపాకీ తమ పేరు మీదికి మార్చుకునే కొడుకులు. ఎయిర్ రైఫిల్ మీద ఇష్టంతో వచ్చే స్కూలు పిల్లలు ఒక గుంపు.

మార్కాపురం, దోర్నాల వైపు, ఇటు ఉదయగిరి, రాపూరు వైపు కొండల కింద సేద్యం చేసేవాళ్ళు అడవిపందుల బాధతో తుపాకీ గురించి అడుగుతారు. వాళ్ళకు ముందు చెప్పాల్సింది గురి గురించి కాదు. అడవిపంది వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 పరిధిలో ఉంది. చేతిలో లైసెన్సు తుపాకీ ఉన్నంత మాత్రాన దాన్ని కాల్చే హక్కు రాదు, అటవీ శాఖ అనుమతి వేరుగా ఉండాలి.

## చట్టం, కాగితాలు

మా ఇంట్లో నా పేరు మీద లైసెన్సు తుపాకీ ఉంది. దానితోనే నేర్పొచ్చా?

వద్దు. ఆయుధాల చట్టం, 1959లో సెక్షన్ 3 ప్రకారం లైసెన్సు లేని మనిషి తుపాకీ దగ్గర ఉంచుకోకూడదు. లైసెన్సుదారు సమక్షంలో గానీ, ఆయన రాసిచ్చిన అనుమతితో గానీ ఇంకొకరు తుపాకీ మోయడానికి ఒక మినహాయింపు ఉంది. అది రిపేరుకు, లైసెన్సు రెన్యువల్‌కు, లైసెన్సుదారు తాను వాడుకోవడానికి మాత్రమే. మీ స్టూడెంట్ ప్రాక్టీసు అందులోకి రాదు. "నేను పక్కనే ఉన్నా కదా" అనే మాట చట్టం ముందు నిలవదు.

నిజమైన తుపాకీతో నేర్పాలంటే లైసెన్సు ఉన్న రైఫిల్ క్లబ్బులోనో, అనుమతి ఉన్న రేంజ్‌లోనో (కాల్పులు నేర్చుకునే చోటు), ఆ సంస్థ ఆయుధాలతో నేర్పాలి. తరగతి గదిలో డమ్మీ తుపాకీ, డమ్మీ తూటాలు చాలు. మొదటి కొన్ని క్లాసులకు అవే మేలు కూడా.

సర్టిఫికెట్ నేనే ఇచ్చేయొచ్చా?

హాజరైనట్టు ఒక కాగితం ఎవరైనా ఇవ్వొచ్చు. లైసెన్సు దరఖాస్తుకు పనికొచ్చే సర్టిఫికెట్ సంగతి వేరు. ఆయుధాల నియమాలు, 2016లో రూల్ 10 కింద లైసెన్సు కోరేవాళ్ళకు ఆయుధ భద్రత శిక్షణ పెట్టారు. తుపాకీని భద్రంగా పట్టడం, మోయడం, కాల్చే పద్ధతి, సంరక్షణ, నిల్వ, రవాణా, యజమానిగా చట్టపరమైన బాధ్యతలు, ఇవన్నీ అందులో ఉంటాయి. అది పూర్తిచేసినవాళ్ళకు ఎస్-1 ఫారంలో సర్టిఫికెట్ వస్తుంది. దాన్ని ఇవ్వాల్సింది ప్రభుత్వ గుర్తింపు ఉన్న శిక్షకులు. మీకా గుర్తింపు వచ్చేవరకు ఎస్-1 అన్న మాట మీ బోర్డు మీద, కరపత్రం మీద కనిపించకూడదు. గుర్తింపు కోసం కలెక్టరేట్‌లో ఆయుధ లైసెన్సులు చూసే సెక్షన్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. నోటిమాటగా అడిగి వచ్చేయకండి, రసీదు తీసుకోండి.

కోచ్ కోర్సు, జడ్జి కోర్సు, భద్రత శిక్షణ, ఇవన్నీ ఒకటేనా?

మూడూ వేరు. కోచ్ పని స్కోరు పెంచడం. 1951లో ఏర్పడిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా మన దేశంలో షూటింగ్ క్రీడను చూస్తుంది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య కోచ్‌లకు డి నుంచి ఏ దాకా మెట్లు పెట్టింది. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంటుంది. జడ్జి పని పోటీ నియమాలు అమలు చేయడం. భద్రత శిక్షకుడి పని అలవాట్లు నాటడం. వచ్చినవాడు జీవితంలో ఒక్క పోటీకీ వెళ్ళకపోవచ్చు, కానీ తుపాకీ మాత్రం ఇంట్లో ముప్పై ఏళ్ళుంటుంది.

నా సలహా ఏమిటంటే, వీలుంటే ముందు జడ్జి కోర్సు చేయండి. రేంజ్ మీద ఎవరు ఎక్కడ ఉండాలో, ఎప్పుడు ఆపాలో కళ్ళకు అలవాటవుతుంది.

సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్ళు "ఒక్కరోజులో ముగించండి" అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోవద్దు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం, 2005 కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో గార్డు శిక్షణ 100 గంటలు తరగతిలో, 60 గంటలు ఫీల్డులో, కనీసం 20 పనిదినాలు ఉండాలి. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు 40 గంటలు, 16 గంటలు, కనీసం 7 పనిదినాలు. ఆయుధాలు వాడటం అందులో ఐచ్ఛికాంశం. అంటే ఆయుధం మోయబోయే గార్డుకు ఆ భాగం నిజంగా చెప్పారో లేదో అడిగి చూసుకోవాల్సింది మీరే. ఒక్కరోజు పనికి మీ సంతకం కావాలంటున్నారంటే వాళ్ళకు కావాల్సింది మీ సంతకమే. రేపు బ్యాంకు గుమ్మం దగ్గర ఏదైనా జరిగితే ఆ కాగితం ముందు మీ దగ్గరికే వస్తుంది.

ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు కదా. డాబా మీద క్లాసు పెట్టుకోవచ్చా?

0.177 బోర్, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, శక్తి 20 జౌల్స్ లోపు ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. కానీ లైసెన్సు అక్కర్లేదంటే ప్రమాదం లేదని కాదు. ఆ చిన్న పెల్లెట్ కన్ను తీస్తుంది, దగ్గరినుంచి తగిలితే ప్రాణం కూడా తీయగలదు. మన ఊళ్ళలో డాబా పక్క డాబా మీద వడియాలు ఆరబెట్టుకుంటూ ఎవరో ఒకరు ఉంటారు. మూడు వైపులా గోడ, టార్గెట్ వెనక పెల్లెట్‌ను ఆపే పెట్టె, మధ్యలోకి తలుపు తెరుచుకోని గది, ఇవి ఉంటేనే పెట్టండి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు పొడవాటి పాత గోడౌన్ బాగా పనికొస్తుంది.

ఊరి బయట పొలంలోనో, మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రం ఒడ్డునో కాల్చి చూపించవచ్చా?

ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మనం చిన్నదనుకునే పాయింట్ 22 తూటా కిలోమీటరున్నర దూరాన్ని కూడా దాటి వెళ్ళగలదు. నీళ్ళమీద పడ్డ తూటా ఎగిరి దారి మార్చుకుంటుంది. మనకు ఖాళీగా కనిపించే తీరంలో వలలు లాగేవాళ్ళుంటారు, బీడులో గొర్రెలు కాసేవాళ్ళుంటారు. వెనక మట్టికట్ట లేని చోటు రేంజ్ కాదు.

చట్టం ఎంతవరకు చెప్పాలి?

లాయర్‌లా చెప్పొద్దు, ఇంటికెళ్ళాక పనికొచ్చేంత చెప్పండి. లైసెన్సు గడువు 2019 సవరణ తర్వాత అయిదేళ్ళు. ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. మామూలుగా తుపాకీ లైసెన్సుకు 21 ఏళ్ళు నిండాలి. తుపాకీ పోతే వెంటనే దగ్గరి పోలీసు స్టేషన్‌లో చెప్పాలి.

ఆత్మరక్షణ గురించి తప్పక అడుగుతారు. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దానికి సంబంధించినవే. వచ్చిన ముప్పుకు తగినంత బలమే వాడాలన్నది అసలు విషయం. పారిపోతున్న దొంగను వెనకనుంచి కాల్చొచ్చా అని ఒక గార్డు ప్రతి బ్యాచ్‌లోనూ అడుగుతాడు. వాడు వెళ్ళిపోతున్నాడు, ప్రాణానికి ముప్పు లేదు, కాల్చకూడదు. ఇది సాగదీయకుండా సూటిగా చెప్పేయండి.

## మొదటి క్లాసులు

మొదటి రోజు ఏం చెప్పాలి? ఎంత తొందరగా కాల్పించాలి?

మొదటి రోజు కాల్పించొద్దు. వచ్చినవాళ్ళు నిరాశ పడతారు, పడనివ్వండి. నాలుగు మాటలు బోర్డు మీద రాయండి. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి. ఏది పోతే మళ్ళీ తెచ్చుకోలేమో దానివైపు మజిల్ (గొట్టం ముందు కొస) తిరగకూడదు. కాల్చాలని నిర్ణయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదకు రాకూడదు. కాల్చేది దేన్నో, దాని వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు.

రాసి వదిలేస్తే బడిలో పద్యం అప్పజెప్పినట్టు అప్పజెబుతారు. చేతికి ఎక్కించాలి. డమ్మీ తుపాకీ బల్లమీద పెట్టి, తీయడం, పెట్టడం, ఇంతే చేయించండి. తీసిన ప్రతిసారీ చూపుడువేలు ఎక్కడుందో చూడండి. దాదాపు ప్రతి కొత్త మనిషి వేలూ నేరుగా ట్రిగ్గర్ మీదికే వెళ్తుంది. పిడి పట్టగానే చెయ్యి ముడుచుకోవడం సహజం, ఆ వేలిని ట్రిగ్గర్ గార్డ్ పైన చాచి ఉంచడం నేర్చుకుంటేనే వస్తుంది. అది ఆలోచించకుండా జరిగేదాకా ఇంకో పాఠం మొదలుపెట్టొద్దు.

ఆ నాలుగు మాటలూ ఒకదానికొకటి కాపలా. వేలు జారి పేలినా మజిల్ మంచివైపు ఉంటే ఎవరికీ తగలదు. రెండు మాటలు ఒకేసారి తప్పితేనే మనిషి పోతాడు. ఈ సంగతి వివరించిన రోజు క్లాసు నిశ్శబ్దంగా వింటుంది.

తుపాకీ ఖాళీ అని ఎలా నిర్ధారించుకోవాలి? ఏ వరసలో చూపించాలి?

డబుల్ బ్యారెల్ అయితే: మజిల్ నేలవైపు లేదా రేంజ్ వైపు, వేలు బయట. పైనున్న లివర్ పక్కకు నెట్టి గొట్టాలు కిందికి వంచి తెరవండి. రెండు గొట్టాల్లోనూ తూటాలున్నాయేమో చూడండి, ఉంటే తీసేయండి. తర్వాత చూపుడువేలి కొస రెండు చాంబర్లలోనూ (తూటా కూర్చునే చోట్లు) పెట్టి తడిమి చూడండి. చీకట్లో, నీడలో కళ్ళు మోసపోతాయి, వేలు మోసపోదు. చివరగా గొట్టంలోంచి అవతలి వెలుతురు గుండ్రంగా కనిపించాలి. పక్క మనిషికి కూడా చూపించి, అతనూ "చూశాను, ఖాళీ" అని బయటికి అన్నాకే అయినట్టు.

మ్యాగజైన్ ఉన్న పిస్టల్ అయితే వరస చాలా ముఖ్యం. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాతే స్లయిడ్ (పైనున్న జారే భాగం) లాగాలి. తిరగేసి చేస్తే, లాగినప్పుడు ఒక తూటా బయటపడుతుంది, వదలగానే మ్యాగజైన్‌లోంచి ఇంకొకటి చాంబర్‌లోకి ఎక్కుతుంది. ఆ తర్వాత మ్యాగజైన్ తీసి "ఖాళీ" అనుకుంటారు. ఎన్నో ప్రమాదాలు సరిగ్గా ఇలాగే జరిగాయి. డమ్మీ తూటాలతో ఈ తప్పు వరస కావాలనే చేసి చూపించండి. చాంబర్‌లోంచి రెండో తూటా బయటికి దూకినప్పుడు వాళ్ళ ముఖాలు మారతాయి.

"ఏందన్నా, ఖాళీదే గదా" అనేవాళ్ళకు ఏం చెప్పాలి?

వాదించొద్దు. "అయితే తెరిచి చూపించన్నా" అనండి. ఎన్నిసార్లు అంటే అన్నిసార్లు. రెండో రోజుకు వాళ్ళే అడగకముందే తెరిచి ఇస్తారు.

బ్యాంకు గార్డుల క్లాసులో దేనిమీద ఎక్కువ సమయం పెట్టాలి?

కూర్చోవడం మీద. గార్డు రోజుకు ఎనిమిది గంటలు తుపాకీతో కూర్చునో నిలబడో ఉంటాడు, కాల్చేది ఏళ్ళకొకసారి కూడా ఉండదు. మధ్యాహ్నం భోజనం తర్వాత ఏ బ్రాంచికైనా వెళ్ళి చూడండి. ప్లాస్టిక్ కుర్చీ, తుపాకీ బట్ (వెనక కొస) రెండు బూట్ల మధ్య నేలమీద, మజిల్ మీద ఒక అరచెయ్యి, దానిమీద ఇంకో అరచెయ్యి, ఆ పైన గడ్డం. బట్ నున్నటి టైల్స్ మీద జారితే ఏమవుతుందో ఆయన ఎప్పుడూ ఆలోచించి ఉండడు, ఎవరూ చెప్పి ఉండరు. స్లింగ్ (తుపాకీ పట్టీ) ఎలా వేసుకోవాలి, బాత్‌రూమ్‌కి వెళ్ళేటప్పుడు తుపాకీ ఎవరికి ఎలా అప్పగించాలి, షిఫ్టు మారేటప్పుడు ఎక్కడ అన్‌లోడ్ చేయాలి, క్యాష్ వ్యాన్ ఎక్కి దిగేటప్పుడు మజిల్ ఎటుండాలి, ఇవి చేయించండి. నిజమైన కుర్చీ, నిజమైన గుమ్మం పెట్టి చేయించండి.

వయసులో నాకంటే పెద్దవాళ్ళు వస్తారు. తప్పు చెబితే నొచ్చుకుంటారు. ఎలా?

అందరిముందూ పేరు పెట్టి చెప్పకండి. "సుబేదార్ గారూ, ఒక్క నిమిషం, ఆ వేలు కాస్త పైకి" అని దగ్గరికెళ్ళి మెల్లగా అనండి. ఆయన అనుభవానికి ఒక పని ఇవ్వండి: పక్కవాళ్ళు తుపాకీ తీస్తుంటే వేలు చూసే పని. ఇతరుల వేళ్ళు చూడటం మొదలుపెట్టాక తన వేలు దానంతట అదే సర్దుకుంటుంది. అయితే మజిల్ మనిషివైపు తిరిగిందా, అప్పుడు వయసూ హోదా చూడొద్దు. గట్టిగా "ఆగండి" అని చేత్తో గొట్టాన్ని పక్కకు నెట్టండి. మర్యాద తర్వాత చెప్పుకోవచ్చు.

కమాండ్లు ఏ భాషలో ఇవ్వాలి?

ఏదైనా ఒక్కదానిలో. ఎన్‌సీసీ, పోలీసు నేపథ్యం ఉన్నవాళ్ళకు హిందీ అలవాటు, అంతర్జాతీయ పోటీల్లో లోడ్, స్టార్ట్, స్టాప్, అన్‌లోడ్ వాడతారు. మన క్లాసుల్లో రెండు రకాల మనుషులూ కలిసి ఉంటారు కాబట్టి ఈ పోటీ మాటలే మేలు, అందరికీ తెలిసిన మాటలు. బోర్డు మీద తెలుగులో రాసి అందరిచేతా అనిపించండి. ఆపమనే మాట మాత్రం శిక్షకుడే అనాలని లేదు. టీ తెచ్చిన కుర్రాడు "ఆపండి" అని అరిచినా అందరూ ఆపాల్సిందే.

ఒక్కసారికి ఎంతమంది?

తరగతి గదిలో పదిమంది దాకా పర్వాలేదు. నిజమైన తూటాలతో కాల్చేటప్పుడు ఒక్కో కొత్తవాడి పక్కన ఒక శిక్షకుడు, అంతే.

## రేంజ్ మీద

కాల్చేవాడి పక్కన నేను ఎక్కడ నిలబడాలి?

కుడిచేతివాటం మనిషైతే కుడివైపున, కాస్త వెనకగా, చెయ్యి చాస్తే మోచెయ్యి అందేంత దూరంలో. అక్కడినుంచి వేలూ ట్రిగ్గరూ కనిపిస్తాయి, తిరగబోతే భుజం పట్టి ఆపగలరు. ఎడమచేతివాటం అయితే అటు మారండి. టార్గెట్ చూడటానికి ఇంకొకర్ని పెట్టండి. మీ కళ్ళు ఆ చేతులు దాటి వెళ్ళకూడదు. మొదటిసారి ఒక్క తూటాయే లోడ్ చేయించండి, ఆ తర్వాతే ఎక్కువ. తుపాకీ వెనక్కి తన్నే దెబ్బకు భయపడి వెనక్కి తిరిగినా లోపల ఇంకేమీ మిగలదు.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే ఏం చేయించాలి?

కొత్తవాడు వెంటనే తుపాకీ తిప్పి లోపలికి చూడబోతాడు. అది మొదటి క్లాసులోనే చెప్పి ఆపాలి. మజిల్ టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి. కొన్ని తూటాలు మందు ఆలస్యంగా అంటుకుని ఆ తర్వాత పేలతాయి. ఆగాక తెరిచి తీసి విడిగా పెట్టాలి.

దీనికంటే ప్రమాదం, మామూలు శబ్దం కాకుండా నీరసంగా "టప్" మని రావడం. తూటా గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. వెనక ఇంకొకటి కాలిస్తే గొట్టం పగులుతుంది. ఆపి, అన్‌లోడ్ చేసి, రాడ్ దూర్చి గొట్టం ఖాళీ అని చూశాకే మళ్ళీ.

12 బోర్ గన్‌లో 20 బోర్ కాట్రిడ్జ్ పడితే అది చాంబర్ దాటి ముందుకు జారి గొట్టంలో కూర్చుంటుంది. వెనక 12 బోర్ పెట్టి కాలిస్తే గొట్టం పగిలి దాన్ని పట్టుకున్న ఎడమచెయ్యి పోతుంది. రెండు రకాల కాట్రిడ్జ్‌లు ఒకే జేబులో, ఒకే సంచిలో ఉండనివ్వకండి.

చెవులకు, కళ్ళకు ఏం వాడాలి? మన ఎండల్లో అవన్నీ పెట్టుకుంటారా?

పెట్టుకోనివాడు కాల్చడు. తుపాకీ శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది, పోయిన వినికిడి తిరిగిరాదు. చెవుల్లో ప్లగ్, పైన చెవులు కప్పే మఫ్, కళ్ళకు అద్దాలు. రోహిణి కార్తెలో మఫ్ కింద చెమటలు పట్టి పిల్లలు మాటిమాటికీ తీసేస్తారు, అందుకని మే నెలలో క్లాసు ఉదయం ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగించండి. కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా టిఫిన్ పొట్లం విప్పనివ్వకండి. తూటాల్లో, పెల్లెట్లలో సీసం ఉంటుంది, పిల్లలకు అది మరీ చెరుపు.

ఎవరికైనా తగిలితే?

కాల్పులు ఆపించి, తుపాకులు కింద పెట్టించి, గాయం మీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. చేతికో కాలికో రక్తం ఆగకుండా కారుతుంటే టోర్నికే (రక్తం ఆపే బిగింపు పట్టీ) కట్టి, కట్టిన టైము రాయాలి. 108కి ఫోన్. ఎవరు ఫోన్ చేయాలి, ఎవరు గేటు దగ్గర నిలబడి అంబులెన్సుకు దారి చూపాలి అన్నది క్లాసు మొదలయ్యేముందే పేర్లతో సహా చెప్పి ఉంచండి. పోలీసులకు మీరే చెప్పాలి, తుపాకీ ఉన్నచోటనుంచి కదల్చకూడదు.

స్టూడెంట్‌ని వెనక్కి పంపేసే హక్కు నాకుందా?

ఉంది. తాగి వచ్చినవాడిని, ఆపమన్నా ఆపనివాడిని, తుపాకీ ఎదుటివాడి మీద పెట్టి నవ్వేవాడిని ఆ రోజే పంపేయండి. ఫీజు తిరిగి ఇచ్చేయండి. వాడి మామ ఏ పదవిలో ఉన్నా సరే.

## ఇంటికెళ్ళాక

తుపాకీ ఇంట్లో ఎక్కడ పెట్టుకోమని చెప్పాలి?

తాళం ఉన్న ఇనుప బీరువాలో తుపాకీ, ఇంకో తాళం కింద తూటాలు, తాళంచెవులు యజమాని దగ్గరే. పిల్లలకు తెలియదనుకునే చోటు ఏదీ ఇంట్లో ఉండదు.

మన తీరప్రాంతంలో ఇంకో శత్రువు ఉప్పుగాలి. కావలి, కొత్తపట్నం, కృష్ణపట్నం వైపు ఇళ్ళలో వాడకుండా పెట్టిన గొట్టం వానాకాలం దాటేసరికి తుప్పు పడుతుంది. పల్చగా నూనె రాసి, నెలకొకసారి తీసి తుడవమనండి. గుడ్డలోనో తోలు కవర్లోనో చుట్టి ఏళ్ళ తరబడి ఉంచితే తేమ లోపలే నిలిచిపోతుంది. గోడకు వేలాడదీసిన తుపాకీ గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టడం కూడా ఉంది. అలాంటిదాన్ని చూడకుండా కాలిస్తే గొట్టం చీలిపోతుంది. చాలాకాలం తర్వాత తీసిన తుపాకీని ముందు గొట్టంలోంచి వెలుతురు చూడందే లోడ్ చేయకూడదు.

ఇంట్లో ఎవరికైనా మనసు బాగాలేదని తెలిస్తే ఏం చెప్పాలి?

ఈ ప్రశ్న క్లాసులో ఎవరూ చెయ్యెత్తి అడగరు, అందరూ వెళ్ళాక ఒకరు ఆగి అడుగుతారు. అప్పులు, పంట పోవడం, పరీక్ష తప్పడం, ఏదైనా కావచ్చు. ఆ రోజుల్లో తుపాకీ ఆ ఇంట్లో ఉండకూడదు. పోలీసు స్టేషన్‌లోనో, లైసెన్సున్న ఆయుధ డీలర్ దగ్గరో డిపాజిట్ చేయించండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడతారు, ఆ నంబరు బోర్డు మీద ఒక మూల ఎప్పుడూ రాసి ఉంచండి. క్లాసులో అందరికీ చెప్పే మామూలు విషయంలా చెబితే అవసరం ఉన్నవాడు సిగ్గుపడకుండా రాసుకుంటాడు.

పెళ్ళిలో, ఊరేగింపులో గాల్లోకి కాలిస్తే ఏమవుతుంది?

2019 సవరణ తర్వాత, ఇతరుల ప్రాణానికి ముప్పు వచ్చేలా సంబరాల్లో కాలిస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పైకి వెళ్ళిన తూటా ఎక్కడో ఒకచోట కిందికి దిగుతుంది.

ఎవరైనా నాటు తుపాకీ తెచ్చి "ఇది సరిచేసి చూపించన్నా" అంటే?

చేత్తో తాకొద్దు, క్లాసులోకి రానివ్వద్దు. లైసెన్సు లేని తుపాకీకి ఇప్పుడు రెండేళ్ళకు తక్కువ కాకుండా అయిదేళ్ళ వరకు శిక్ష ఉంది. అది ఎప్పుడు ఎటు పేలుతుందో చేసినవాడికే తెలియదు. పోలీసులకు అప్పగించమని సూటిగా చెప్పండి. నల్లమల అంచు ఊళ్ళలో ఈ మాట చెప్పడం కష్టంగానే ఉంటుంది, అయినా చెప్పాలి.

ఎన్నికలప్పుడు తుపాకులు డిపాజిట్ చేయమంటారు. అప్పుడు ఏం చూసుకోవాలి?

స్టేషన్‌కు తీసుకెళ్ళేముందు ఇంట్లోనే అన్‌లోడ్ చేసి, తూటాలు విడిగా పెట్టి, లైసెన్సు పుస్తకంతో వెళ్ళాలి. రసీదులో తుపాకీ నంబరు సరిగ్గా ఉందో అక్కడే చూసుకోవాలి. తిరిగి తీసుకున్నప్పుడు అది మీరిచ్చిన స్థితిలో ఉందనుకోకుండా అక్కడే తెరిచి చూసుకోవాలి.

ఫీజు ఎంత పెట్టాలి?

రేంజ్ అద్దె, తూటాల ఖర్చు, ప్రమాద బీమా లెక్కేసి, ఆపైన మీ సమయానికి తగినంత. ఎంతమంది వస్తే అంత అనే పద్ధతి వద్దు. అది పెట్టుకుంటే గదిలోకి ఇంకో ఇద్దరిని తోయాలనిపిస్తుంది.

రికార్డులు ఏం ఉంచాలి?

ప్రతి స్టూడెంట్ పేరు, గుర్తింపు కార్డు నకలు, హాజరు, ఏ రోజు ఏ పాఠం చేయించారో, ఎన్ని తూటాలు ఇచ్చి ఎన్ని ఖాళీ కేసులు తిరిగి తీసుకున్నారో, ఎవరి చేతిలో ఏ పొరపాటు చూశారో. ఆ చివరి వరస రాయడానికి బద్ధకించకండి. ఏ పొరపాటు ఎక్కువసార్లు రాస్తున్నారో చూస్తే వచ్చే బ్యాచ్‌కు ఏ పాఠం మార్చాలో తెలుస్తుంది. పుస్తకానికి పేజీ నంబర్లు వేసి, ఏ రోజుది ఆ రోజే సంతకం పెట్టండి.